కంచె ఒకటే, గుంటలు వేరు: నల్లగొండ లెక్కల టీచర్లతో జియోజీబ్రా శిక్షణ

జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద రెండు రోజుల శిక్షణ ముగిశాక ఫీడ్‌బ్యాక్ కాగితాలు తీసుకున్నాం. వచ్చిన 26 మందీ 'చాలా బాగుంది', 'ఇలాంటివి మళ్లీ మళ్లీ జరగాలి' అని రాశారు. నెల తర్వాత స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో, "జియోజీబ్రాలో సొంతంగా ఏదైనా చేసి పిల్లల ముందు పెట్టినవాళ్లు ఎవరు?" అని అడిగాను. రెండు చేతులు లేచాయి. అందులో ఒకరు చూపించింది శిక్షణలో నేను చేసి ఇచ్చిన ఫైలే.

నేను నల్లగొండ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. అప్పుడప్పుడు ఆర్పీగా, అంటే తోటి టీచర్లకు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌గా కూడా వెళ్తుంటాను. ఆ 26 మందితో రెండు విడతలుగా చేసిన పని గురించి రాస్తున్నాను. మొదటి విడత బోల్తా కొట్టింది. రెండో విడతలో కొన్ని ఫైళ్లు తరగతిలో నిలిచాయి, కొన్ని తేలిపోయాయి.

మొదటి విడత

ముందు ఈ సాఫ్ట్‌వేర్ సంగతి. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కుస్ హోహెన్‌వార్టర్ తన మాస్టర్స్ చదువులో భాగంగా జియోజీబ్రా మొదలుపెట్టారు. జామెట్రీ, ఆల్జీబ్రా రెండూ ఒకే తెరమీద ఉంటాయి. బొమ్మలో బిందువును లాగితే పక్కన సమీకరణం మారుతుంది, సమీకరణం మారిస్తే బొమ్మ కదులుతుంది. సోర్స్ కోడ్, అంటే సాఫ్ట్‌వేర్‌ను రాసిన అసలు ప్రోగ్రాం, ఎవరైనా చూసి మార్చుకునేలా అందరికీ అందుబాటులో ఉంది. ఇన్‌స్టాలర్‌కు, భాషా ఫైళ్లకు మాత్రం వ్యాపారానికి వాడకూడదన్న షరతు ఉంది. కాబట్టి గట్టిగా మాట్లాడితే ఇది నూటికి నూరు పాళ్లు ఓపెన్ సోర్స్ కాదు. బళ్లో పాఠానికి ఆ తేడా అడ్డం రాదు గానీ, శిక్షణలో ఈ మాట చెప్పేయడం మంచిది, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 2021 డిసెంబరులో ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ దీన్ని కొన్నప్పుడు మా వాట్సాప్ గ్రూపులో "ఇగ పైసలు కట్టాల్నా?" అని రెండు రోజులు అదే చర్చ. కట్టాల్సిన పని పడలేదు. ఇన్‌స్టాలర్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచిపెట్టుకునే అలవాటు మాత్రం చాలామందికి అప్పుడే వచ్చింది.

ఆ పెన్‌డ్రైవే మొదటి రోజు మా కొంప ముంచింది. ల్యాబ్‌లో 11 కంప్యూటర్లుంటే పనిచేసేవి 8. ఒకదానిలో పెట్టి తీసిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయాయి. ఆ వైరస్‌ను మిగతా ఏడింటికీ మేమే మోసుకెళ్లి అంటించాం. పాత మిషన్లలో జియోజీబ్రా పాత వెర్షన్ క్లాసిక్ 5, కొత్తవాటిలో క్లాసిక్ 6 వేశాం. ఫైళ్లు రెండింట్లోనూ తెరుచుకుంటాయి, కానీ మెనూలు ఒకేచోట ఉండవు. నేను "పైన కుడివైపు చూడండి" అన్నప్పుడల్లా సగం మందికి అక్కడ ఏమీ కనిపించేది కాదు. అన్నం తిని వచ్చేసరికి కరెంటు పోయింది.

ఇవన్నీ సాకులుగా చెప్పుకోవచ్చు. అసలు తప్పు నేను పాఠం చెప్పిన తీరులో ఉంది. టూల్‌బార్‌ను ఎడమ నుంచి కుడికి వరసబెట్టి చెప్పుకుంటూ పోయాను. బిందువు, రేఖ, లంబం, బహుభుజి, వృత్తం, కోణం, చివరికి స్లైడర్, అంటే జరిపితే అంకె మారే మీట. అందరూ నేను చేసిందే చేశారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లా నడిచింది. రెండో రోజు సాయంత్రం ఒకే బొమ్మను వరసగా చాలాసార్లు గీసే సీక్వెన్స్ కమాండ్‌తో రంగురంగుల వలయాలు తిప్పి చూపించాను, చప్పట్లు కొట్టారు. టీ తాగేటప్పుడు, రిటైర్మెంట్‌కు దగ్గర్లో ఉన్న ఒక సార్ నా పక్కకొచ్చి నిలబడ్డారు. "సార్, బాగనే చేసిండ్రు. కానీ మీరు చూపెట్టింది మీ పనితనం. మా పిల్లగాడు యాడ ఆగిండో మీకు తెల్వదు గదా" అన్నారు.

అప్పుడు కొంచెం చివుక్కుమంది. కాంప్లెక్స్ మీటింగ్‌లో రెండు చేతులే లేచినప్పుడు ఆ మాటే గుర్తొచ్చింది.

ఐదు తప్పు కాగితాలు

రెండో విడత మూడు శనివారాలు, పూటకో సెషన్, హాలియా దగ్గర ఒక బళ్లో. ఈసారి షరతు ఒకటే: ప్రతి టీచరూ తన తరగతి స్లిప్ టెస్టుల నుంచో, ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పేపర్ల నుంచో ఒకే రకం తప్పు ఉన్న ఐదు కాగితాలు తేవాలి. కాగితాలు లేకపోతే కంప్యూటర్ లేదు.

మొదటి శనివారం ల్యాబ్ తాళం తీయనే లేదు. బల్లల మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. ఒక మేడం తెచ్చిన ఆరో తరగతి కాగితాల్లో, భుజాలు పొడుగ్గా గీసిన కోణమే పెద్దదని రాశారు. ఇంకొకరి పిల్లలకు పక్కకు తిప్పి గీసిన చతురస్రం చతురస్రం కాదు, 'డైమండ్'. పదో తరగతి కాగితాల్లో సైన్ 30° కి సైన్ 30° కలిపితే సైన్ 60°. ఎ, బి ల మొత్తానికి వర్గం కడితే రెండు వర్గాల మొత్తమే రావడం గురించి చెప్పక్కర్లేదు, అది లేని కట్ట లేదు. ఆ పూటంతా నాకు నచ్చింది ఏమిటంటే, ఎవరూ పిల్లల్ని తిట్టలేదు. "వాడు ఇట్ల ఎందుకనుకున్నడు?" అన్న ప్రశ్న మీదే మాట సాగింది.

తర్వాత ఒక్కొక్కరూ ఒక తప్పును ఎంచుకుని, తెల్లకాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబు రాశారు. ఫైల్‌లో పిల్ల లేదా పిల్లవాడు ఏం కదపాలి? ఏం కదపకూడదు? కదిపేముందు ఏమవుతుందని ఊహించి రాయాలి? మొదటిది, మూడోది తొందరగానే తేలాయి. రెండోదాని దగ్గర అందరం ఆగిపోయాం. ఫైల్ అంటే అన్నీ కదలాలన్న ఊహ అప్పటిదాకా నాక్కూడా ఉండేది.

బత్తాయి తోట ఫైల్

ఆ రెండో ప్రశ్న నిజంగా అర్థమైంది గుర్రంపోడు వైపు పనిచేసే ఒక సార్ ఫైల్ దగ్గర. ఆయన పిల్లల తప్పు: చుట్టుకొలత సమానమైతే వైశాల్యమూ సమానమే. అటు బత్తాయి తోటలు ఎక్కువ కాబట్టి 240 మీటర్ల కంచెతో తోటను చుట్టే లెక్క తీసుకున్నారు. కంచె అంతే అయితే తోట కూడా అంతే అన్నది పిల్లల మాట.

సార్ పాలిగాన్ టూల్ తీసుకుని నాలుగు చోట్ల క్లిక్ చేశారు. పొడవు 80, వెడల్పు 40, చక్కటి దీర్ఘచతురస్రం. నేను మౌస్ అందుకుని ఒక మూలను పట్టి లాగాను. బొమ్మ ఒంకర పోయింది, కంచె 240 దాటిపోయింది.

"పిల్లలు అట్ల లాగరు సార్" అన్నారాయన.

"లాగుతరు సార్. ఫస్టు అదే చేస్తరు" అని పక్క సిస్టమ్ దగ్గరి మేడం. అందరూ నవ్వారు.

కంటికి దీర్ఘచతురస్రంలా కనిపించేలా గీయడం వేరు, ఎటు లాగినా దీర్ఘచతురస్రంగానే ఉండేలా కట్టడం వేరు. జియోజీబ్రాలో ఈ తేడా రంగుల్లోనే కనిపిస్తుంది. స్వేచ్ఛగా కదిలే బిందువులు నీలంగా, వేరేవాటిమీద ఆధారపడినవి ముదురుగా ఉంటాయి. సార్ బొమ్మలో నాలుగు మూలలూ నీలమే, అంటే నాలుగింటికీ పగ్గం లేదు. మళ్లీ మొదలుపెట్టాం. పొడవుకు ఒక స్లైడర్, 5 నుంచి 115 దాకా, అడుగు 5. వెడల్పును 120 నుంచి పొడవు తీసేసిన విలువగా నిర్వచించాం. మూలల్ని క్లిక్‌తో కాకుండా నిరూపకాలుగా టైపు చేశాం. ఇప్పుడు పిల్లవాడి చేతికి దొరికేది స్లైడర్ ఒక్కటే, వాడు ఏం చేసినా కంచె 240 మీటర్లే. సార్ నాలుగైదుసార్లు మూలల్ని లాగి చూసి, కదలకపోతే "ఆఁ, ఇప్పుడు కట్టినట్టయింది" అన్నారు. ఆ రోజు తర్వాత మా గుంపులో ఒకరి ఫైల్‌ను ఇంకొకరు తెరిచి ముందుగా చేసే పని దాన్ని లాగి చెడగొట్టాలని చూడటమే.

ఒక చిన్న పొరపాటు నాది. తెరమీద 60కి 60 పెడితే చతురస్రం పొడుగ్గా కనిపించింది. కారణం వెతికితే, జూమ్ చేసేటప్పుడు ఒక అక్షాన్నే లాగడంతో రెండు అక్షాల కొలత వేరైపోయింది. సెట్టింగుల్లో ఒకటికి ఒకటి నిష్పత్తి పెట్టి తాళం వేయకపోతే చతురస్రం చతురస్రంలా కనిపించదు, లంబాలు లంబాల్లా కనిపించవు. జామెట్రీ ఫైల్ ఏదైనా ముందు ఇది చూసుకోవాలి.

ఆ సార్ తరగతిలో ఫైల్ చూపించిన రోజు నేను చివరి బెంచీలో కూర్చున్నాను. మొదటిసారి వైశాల్యం అంకె తెరమీద పెద్దగా కనిపిస్తూనే ఉంది. పిల్లలు స్లైడర్ జరిపి అంకె చదివారు, జరిపి చదివారు. ఎవరి మొహంలోనూ ఆశ్చర్యం లేదు, ఆశ్చర్యపోవడానికి వాళ్లు దేన్నీ నమ్మి పందెం కాయలేదు కదా. సార్ ఆ సాయంత్రమే అంకెను చెక్‌బాక్స్ వెనక దాచారు. మర్నాడు ఇంకో సెక్షన్‌లో, 60కి 60, 100కి 20, 110కి 10 తోటల్లో దేనిలో చెట్లు ఎక్కువ పడతాయో చీటీల మీద రాయించారు. చాలామంది 'అన్నిట్ల సమానమే' అని రాశారు. తర్వాతే టిక్ పెట్టారు.

దాంతోపాటు ఆయన ఇంకో పని చేశారు, అది నాకు తట్టేది కాదు. చదరపు మీటర్ల కింద గుంటల లెక్క కూడా చూపించారు. ఎకరానికి 40 గుంటలు, గుంట అంటే 121 చదరపు గజాలు, సుమారు 101 చదరపు మీటర్లు. 60కి 60 తోట 3600 చదరపు మీటర్లు, అంటే 35 గుంటలు దాటింది. 100కి 20 తోట 20 గుంటలకు కాస్త తక్కువ. 110కి 10 ది 11 గుంటలు కూడా లేదు. చదరపు మీటర్లు చదివినప్పుడు ఊరికే ఉన్న తరగతి, గుంటలు అనగానే గోలెత్తింది. కంచె ఖర్చు అదే, పోయింది ఇరవై నాలుగు గుంటలు!

వెనక వరసలో ఒక అబ్బాయి లేచి, "సార్, మా పెద్దనాయినకు సదురం ముక్క వచ్చింది, మాకు పొడుగు పట్టీ వచ్చింది. సుట్టూ తాడు కొలిసి సమానమే అన్నరు" అన్నాడు. క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఈ పాఠం ఎవరింట్లో పంచాయితీ పెడుతుందో అని నాకు టెన్షన్ పట్టుకుంది. సార్ మాత్రం నిదానంగా, "పొలాన్ని తాడుతోని కొలువరు రా, సర్వేయర్ కొలుస్తడు. నువ్వు మీ నాయిననడిగి కొలతలు తీస్కరా, మనం కాయితం మీద చూద్దాం" అని కూర్చోబెట్టారు. ఆ కొలతలు వచ్చాయో లేదో నేను అడగలేదు.

మిగతా ఫైళ్లు

సైన్ తప్పు తెచ్చిన మేడంతో నేను వాదించి ఓడిపోయాను. వ్యాసార్థం 1 ఉన్న వృత్తం మీద ఒక కోణం, దానికి రెట్టింపు కోణం, రెండింటి దగ్గరా నిలువు గీతలు, ఆ గీత ఎత్తే సైన్ విలువ. కోణం రెట్టింపైతే ఎత్తూ రెట్టింపవుతుందా అన్నది ఊహ. 30° దగ్గర ఎత్తు 0.5, 60° దగ్గర 0.87 మాత్రమే. స్లైడర్‌ను 90° దాకా పోనిస్తే రెట్టింపు కోణం 180° అయి ఎత్తు సున్నా అవుతుంది, పిల్లలు అదిరిపోతారు అన్నాను. మేడం ఒప్పుకోలేదు. "పదో తరగతి పుస్తకంల లంబకోణ త్రిభుజమే ఉంది సార్. 180 డిగ్రీల సైన్ అంటే వాళ్లకు త్రిభుజం కనబడదు. ఒక తప్పు తీయబోయి ఇంకోటి పెట్టినట్టయితది" అని స్లైడర్‌ను 45° దగ్గర ఆపేశారు. ఆమే కరెక్టు.

జవాబు టైపు చేయించే ఫైళ్లు మమ్మల్ని బాగా నవ్వించాయి. ఒక సార్ భాగహారం సాధన ఫైల్ చేశారు. ప్రశ్న 348 భాగించు 12, కింద ఇన్‌పుట్ బాక్స్, జవాబు సరైతే పచ్చరంగులో 'శభాష్'. పది నిమిషాల్లో తరగతి మొత్తానికి శభాష్‌లే. దగ్గరికెళ్లి చూస్తే, ఒకమ్మాయి పెట్టెలో 29 కాకుండా 348/12 అనే కొట్టింది, మిగతావాళ్లు ఆమెను చూసి అదే కొట్టారు. ఇన్‌పుట్ బాక్స్‌ను సంఖ్యకు కలిపితే జియోజీబ్రా అందులో రాసిందాన్ని తనే లెక్కకట్టి పోల్చుకుంటుంది మరి. బాక్స్‌ను సంఖ్యకు బదులు టెక్స్ట్‌కు కలిపి, రాసిన అక్షరాల్నే పోల్చేలా మార్చాక దారికొచ్చింది. అయితే ఆ అమ్మాయికి మాత్రం మార్కులు వేయాలని సార్‌తో అన్నాను.

తెలుగు టైపింగ్ ఇంకో తలనొప్పి. ప్రశ్నపత్రాలు కొట్టే అలవాటున్న టీచర్లకు వచ్చింది అను ఫాంట్లే. అక్కడ కొట్టి ఇక్కడ అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చేవి, అవి అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ అక్షరాలు కావు కాబట్టి. చివరికి అందరూ కనిపెట్టిన దారి ఫోన్. ఫోన్‌లో తెలుగులో మాట్లాడి టైపు చేయించి, వాట్సాప్‌లో తమకు తామే పంపుకుని, కంప్యూటర్లో తీసి అతికించడం. శిక్షణ పుస్తకాల్లో ఉండని పద్ధతి, కానీ పని జరిగింది.

ఇంటరాక్టివ్ ప్యానెల్, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర ఉన్న బళ్లలో ఫైల్ మౌస్‌కు చేసినట్టు చేస్తే కుదరదు. బిందువు సైజు పెంచాలి, స్లైడర్ మందం పెంచాలి, లేకపోతే పిల్లల వేలికి చిక్కదు. ప్యానెల్‌తో నాకున్న అసలు ఇబ్బంది వేరు: ఒకడు కదుపుతాడు, నలభై మంది సినిమా చూస్తారు. ముందు చీటీ రాయించడం అక్కడ ఇంకా అవసరం. ముందు బెంచీ మగపిల్లలే ఎప్పుడూ ప్యానెల్ దగ్గరికి ఉరుకుతుంటే, చీటీలో తప్పు రాసినవాళ్లే వచ్చి కదపాలని ఒక మేడం రూల్ పెట్టారు. తప్పు రాయడానికి పోటీ మొదలైంది. అది కూడా సమస్యే అనుకోండి.

పానగల్లు దగ్గర పనిచేసే ఒక సార్ త్రికోణమితి అనువర్తనాలకు నీడ ఫైల్ చేశారు. 6 మీటర్ల స్తంభం, సూర్యుడి కోణానికి స్లైడర్. 45° దగ్గర నీడ 6 మీటర్లు, 30° దగ్గర 10 మీటర్లు దాటుతుంది. ఫైల్ శుభ్రంగా ఉంది. కానీ ఛాయా సోమేశ్వరాలయం ఉన్న ఆ ఊరి పిల్లల ముందు నీడ పాఠం చెప్తే ఏమడుగుతారో ఊహించాల్సింది. "మరి ఛాయా సోమేశ్వరుని గుళ్లె నీడ పొద్దంత కదలదు గద సార్?" సార్ నాకు ఫోన్ చేశారు. ఫైల్‌లో గుడి బొమ్మ పెట్టి నీడను కదలకుండా చేయడం నిమిషం పని, కానీ అది గారడీ అవుతుంది. ఫైల్ ఏ షరతు మీద నడుస్తోందో పిల్లలతోనే చెప్పించమన్నాను. ఇందులో వెలుగు ఒక్క సూర్యుడి నుంచి నేరుగా, గీత గీసినట్టు వస్తుంది. గర్భగుడి లోపలికి ఎండ అలా నేరుగా పడదు, బయటి వెలుతురు స్తంభాల మధ్య నుంచి పరుచుకుని వస్తుంది. మర్నాడు ఆ తరగతి రెండు టార్చిలైట్లు, ఒక చీపురుకట్ట పుల్లతో పీరియడంతా గడిపిందని విన్నాను. సిలబస్ ఎంత నడిచిందో తెలియదు.

ఇంకొకరి ఫైల్ తెరవడం

ఓపెన్ సోర్స్ అన్న మాటకు మా టీచర్ల దగ్గర అర్థం వచ్చింది లైసెన్సుతో కాదు, కన్‌స్ట్రక్షన్ ప్రోటోకాల్‌తో. ఎవరు చేసిన ఫైల్ తెరిచినా, ఏది ముందు గీశారు, ఏది దేనిమీద ఆధారపడింది అన్నది వరుసగా కనిపిస్తుంది. బత్తాయి తోట ఫైల్ గ్రూపులో పడ్డ వారంలోనే మిర్యాలగూడ వైపు ఒక మేడం దాన్ని వడ్ల కొనుగోలు కేంద్రంలో రాశి చుట్టూ కట్టే తాడుగా మార్చేశారు. సార్‌కు చెప్పలేదని చిన్న అలక కూడా నడిచింది. తర్వాత ఫైల్‌లోనే ఒక మూల 'మొదట చేసింది ఎవరు, మార్చింది ఎవరు' అని రాయడం పద్ధతిగా పెట్టుకున్నాం.

అందరూ చేశారని చెప్పను. ఐదారుగురు కాగితాలు తెచ్చారు, ఊహలు రాశారు, ఫైల్ మాత్రం పూర్తి చేయలేదు. ఒకాయన, "చాక్‌పీసుతోనే ఇది చెప్తా సార్, నాకదే వస్తది" అన్నారు. ఆయన చీటీలు రాయించి బోర్డు మీదే చెప్పిన పాఠం నేను చూశాను, కొందరి ఫైళ్ల కంటే బాగుంది.

మూడో శనివారం 19 మందే వచ్చారు. నిడమనూరు వైపు నుంచి వచ్చిన మేడం, తోట ఫైల్ చూపిస్తే తన క్లాసులో ఒక పిల్ల అడిగిన ప్రశ్న తెచ్చారు. "టీచర్, ఒక దిక్కు కాల్వ కట్ట ఉంటే అటు కంచె అక్కర్లేదు గదా. అప్పుడు?" సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లో ఆ ప్రశ్న రాకపోతేనే వింత. 240 మీటర్ల కంచె మూడు వైపులకే. ఏ కొలతకు తోట పెద్దదవుతుంది?

మేడం మా అందరికీ చీటీలు పంచారు. ఇద్దరు ముగ్గురు తప్ప అందరం 80కి 80 అని రాశాం. నేనూ అదే రాశాను, చతురస్రమే కదా అన్న ధీమాతో. ఆమె ఫైల్‌లో వెడల్పు నిర్వచనం ఒక్కటి మార్చారు: 240 నుంచి పొడవు తీసేసి సగం. స్లైడర్‌ను 235 దాకా పెంచారు. 80 దగ్గర ఆపి టిక్ పెడితే 6400 చదరపు మీటర్లు. అక్కడితో ఆగకుండా జరుపుతూ పోయారు. 90 దగ్గర 6750. 100 దగ్గర 7000. 120 దగ్గర 7200. 130కి వచ్చేసరికి మళ్లీ 7150కి దిగింది. కాలువ వెంట 120, లోపలికి 60. మేం రాసిన చతురస్రానికి దాదాపు 8 గుంటలు తక్కువ పడింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మొదటి విడతలో టీ దగ్గర నాతో మాట్లాడిన పెద్ద సార్ లేచి, బల్లల మీది చీటీల్లోంచి 80కి 80 ఉన్నవి ఏరి, ఐదు లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు.

"తీస్కోండి సార్. వచ్చేసారి మీ కాయితాలు ఇవి."